మాల్ దాకా నిలిచే చుక్క

ఖాజా మామ పోయి నలభై రోజుల కార్యం కూడా అయిపోయాక, ఆయన బిడ్డ నస్రీన్ ఒక అట్టపెట్టె ఒళ్లో పెట్టుకుని దేవరకొండ నుంచి బస్సులో మా ఇంటికి వచ్చింది. పెట్టెకు సుతిలి తాడు కట్టి ఉంది. ముడి విప్పకముందే లోపల ఏముందో నాకు తెలిసిపోయింది. వాసన. కాలిన ఆముదం వాసన. పుట్టింటి వాసన అని ఇంకొకరెవరైనా అంటే మల్లెపూలో, మొదటి వాన తడిపిన మన్నో గుర్తొస్తాయి. నాకు మాత్రం ముక్కు మూసుకునే ఈ పొగే గుర్తొస్తుంది. ఎవరి అదృష్టం వాళ్లది.

"అబ్బా చెప్పిండు ఆపా, ఇది నీకే ఇయ్యాల్నని. మొన్న రంజాన్ దాకా నడిపిండు. ఇంట్ల పోరగాండ్లను ఎవ్వల్నీ ముట్టనియ్యలే" అంది నస్రీన్, చాయ్ గ్లాసు పట్టుకుని.

పెట్టెలో మూరెడు పొడవున్న రేసు కారు, రిమోటుతో తిప్పేది. రబ్బరు టైర్లు అరిగి నున్నగా అయ్యాయి. పైన ఒకప్పుడు నీలం రంగు డొప్ప ఉండేది, ఇప్పుడది ఏ రంగో అదే మరిచిపోయింది. మధ్యలో కోడిగుడ్డు కంటే కొంచెం పెద్ద ఇంజను. దాని నెత్తిన పేర్చినట్టున్న అల్యూమినియం రేకులు. ఆ నెత్తిని బిగించిన నాలుగు మరల మీద నాలుగు ఎర్రటి చుక్కలు. ఆ ఎరుపు నాకు బాగా తెలుసు. ఒకప్పుడు నా గోళ్ల మీద ఉండేది.

మా తమ్ముడి కొడుకు వరుణ్‌కు ఇలాంటి బండ్ల పిచ్చి ఉంది. ఆదివారం వచ్చాడు, చూశాడు, మోకాళ్ల మీద కూలబడ్డాడు. కాసేపటికి వాడి చేతిలోకి ఒక స్క్రూడ్రైవర్ వచ్చింది. ఎక్కడి నుంచి వచ్చిందో నేను చూడలేదు.

"అత్తా, హెడ్ తీద్దామా? లోపల పిస్టన్, స్లీవ్ చూస్తే ఎప్పుడన్నా ఓవర్‌హీట్ అయిందా లేదా అనేది చెప్పొచ్చు. ఐదు నిమిషాల పని."

"వద్దు" అన్నాను.

"ఏం కాదు అత్తా, మళ్లీ బిగిస్తా."

"బిగించేది తర్వాత. విప్పేదే వద్దంటున్నా."

నేను పెద్దగా కోపిష్టిని కాను. కోపం వస్తే మా ఇంట్లో వాళ్లకు ముందు నవ్వొస్తుంది. ఆ రోజు నా గొంతులో ఏం విన్నాడో, వరుణ్ స్క్రూడ్రైవర్ జేబులో పెట్టేసుకున్నాడు. ఎందుకు వద్దన్నానో వాడికి ఆ పూట చెప్పలేకపోయాను. రాస్తే తప్ప సరిగా చెప్పలేని రకం మనిషిని. అందుకని రాస్తున్నాను.

మా బాపుకు దేవరకొండలో చిన్న ఆముదం మిల్లు ఉండేది. బస్టాండుకు ఎదురుగా ముందు గది దుకాణం, వెనక మిల్లు, మిల్లు వెనక గింజలు ఆరబోసే సిమెంటు కళ్లం, ఆ పక్కన ఇల్లు. చెల్క పొలాల రైతులు సంచులకెత్తి తెచ్చే గింజల మీద మా బతుకు నడిచేది. నీళ్లు లేని నేలలో కూడా మొండిగా పెరిగే చెట్టు ఆముదం. ఆ మొండితనం నూనెలోకి వస్తుందో ఏమో, దాన్ని నమ్ముకున్న వాళ్లకు కూడా అంటుతుంది. మా ఇంట్లో అన్నిటికీ అదే మందు. తలుపు కిర్రుమన్నా ఆముదమే, మనిషి కుర్రుమన్నా ఆముదమే. బర్రె గిట్టకు ఆముదం, దీపానికి ఆముదం, కడుపు నొప్పికి ఆముదం. ఆ చివరిదాని వల్ల మా ఇంట్లో పిల్లలకు కడుపు నొప్పి వచ్చినా ఎవ్వరం బయటికి చెప్పేవాళ్లం కాదు.

ఈ వైద్యానికంతా పెద్ద మా అవ్వ, బాపు తల్లి. అవ్వ సిద్ధాంతం ప్రకారం లోకంలో ఉన్న రోగం ఒక్కటే, వేడి. కళ్లు మండినా వేడే, పరీక్ష తప్పినా వేడే, కోడలు ఎదురు మాట్లాడినా వేడే. వేడి చేసిన మనిషిని గోడకు ఆనించి కూర్చోబెట్టి, నడినెత్తిన అరచేతి గుంటెడు ఆముదం పోసి, అది ఇంకిపోయే దాకా వేళ్లతో కొడుతూ ఉండేది. చెవుల వెంట, మెడ వెంట చిక్కగా కారేది. నేను ఇంటర్ చదివేటప్పుడు కాలేజీలో నా వెనక బెంచీ ఎప్పుడూ ఖాళీగా ఉండేది. నా తెలివితేటలకు భయపడి అనుకునేదాన్ని. కాదు, వాసనకు.

పొద్దున అవ్వ పొయ్యి ముందు కూర్చుని జొన్న రొట్టెలు చేస్తుంటే నేను పక్కన పీట మీద కూర్చునేదాన్ని. పెనం కాలిందో లేదో చూడ్డం నా పని. గిన్నెలో వేళ్లు ముంచి చల్లితే చుక్క పెనం మీద ఏం చేస్తుందో చూడాలి. సోమరిగా కూర్చుని బుడగలు పోస్తే పెనం ఇంకా నిద్రలో ఉంది. తాకీ తాకకముందే మాయమైతే రొట్టె మాడుతుంది. చుయ్‌మని, ఒక్క గంతేసి, అప్పుడు పోవాలి. ఇదేదో విద్య అని నేననుకోలేదు. అన్నం తినడం లాంటిదే అనుకున్నాను.

ఖాజా మామది మా పక్క ఇల్లు. గోడ ఒకటే, రక్తం వేరు. మా అమ్మను "అక్కా" అనేవాడు కాబట్టి నాకు మామ. ఆయన దుబాయి పోయి కొన్నేళ్లకు తిరిగొచ్చినప్పుడు వాడంతా చూడ్డానికి వచ్చింది. దుబాయి నుంచి వచ్చినవాళ్లు అప్పట్లో వీసీఆర్లు, రెండు క్యాసెట్ల టేప్‌రికార్డర్లు, పూల కంబళ్లు, ఆడవాళ్లకు బంగారం తెచ్చేవాళ్లు. ఖాజా మామ పెట్టె తెరిచి ఒక విరిగిన బొమ్మకారు తీశాడు. అక్కడ ఆయన పనిచేసిన దుకాణంలో పెద్దింటి పిల్లల కార్లు బాగుచేసేవారట. గోడకు గుద్ది ఎవరో పారేసిన దాన్ని ఈయన తెచ్చుకుని, ముక్క ముక్కా అతికించి బతికించాడు.

"మా వోడు దుబాయి పోయి ముసలోడైనంక ఆడుకునే సామాను తెచ్చిండు" అని వాళ్లమ్మ వాకిట్లో కూర్చుని అందరికీ చెప్పుకుని ఏడ్చింది. ఆ వారంలోనే ఆయన పేరు బొమ్మల ఖాజా అయిపోయింది. చాయ్ హోటల్ దగ్గర ఆయన కనబడితే ఎవడో ఒకడు "ఖాజా భాయ్, మాకో చెక్కగుర్రం లేదా?" అనేవాడు. ఆయన నవ్వి ఊరుకునేవాడు. కానీ ఇంటికొచ్చి గోడవతల గంటల తరబడి ఇంజను తుడుస్తూ కూర్చునేవాడు. నవ్వి ఊరుకునేవాళ్లకు ఎంత తగులుతుందో గోడ ఇవతల ఉన్నవాళ్లకే తెలుస్తుంది.

ఆ బండి పెట్రోలు తాగదు. దుబాయిలో నైట్రో కలిపిన గులాబీ రంగు నూనె డబ్బాల్లో దొరికేదట. మా దగ్గర ఆ నైట్రోను కళ్లతో చూసినవాడు లేడు. పేరుకే మాది నైట్రో బండి. హైదరాబాదులో రసాయనాల దుకాణం నుంచి ఖాజా మామ మిథనాల్ తెచ్చేవాడు. అది విషం, ఎవడన్నా మందనుకుని తాగుతాడేమోనని డబ్బా మీద ఎర్రగా పుర్రె బొమ్మ వేసి మా మిల్లు గదిలో తాళం పెట్టేవాడు. అందులో కలపాల్సిన నూనె ఏమిటో చెప్పినప్పుడు మా బాపు మొహం చూడాలి.

"ఆముదమా? మన ఆముదమే?"

"అవునన్నా. లోపట పిస్టన్ రాసుకుపోకుండ కాపాడేది అదే."

బాపు మీసం తుడుచుకున్నాడు. "అంటే దుబాయి బండి నా మిల్లు నూనె తాగుతది" అని ఆ రోజు దుకాణానికి వచ్చిన ప్రతి రైతుకూ చెప్పాడు. కళ్లం మీద గింజలు లేని రోజుల్లో బండి నడుపుకోమని జాగా ఇచ్చాడు. అవ్వ మాత్రం ఆశ్చర్యపోలేదు. "గంత చిన్న పానం గంత ఉర్కుతాంటే వేడి చెయ్యదా? ఆముదం తాగాల్సిందే" అంది.

ఇంజను నడక అంతా దాని పక్కనున్న చిన్న సూదిమరలో ఉంటుంది. వదులు చేస్తే నూనె ఎక్కువ పోయి ఇంజను చల్లగా, పొగలు కక్కుతూ, బద్ధకంగా నడుస్తుంది. దీన్ని ఖాజా మామ "గీలా" అనేవాడు. బిగిస్తే నూనె తగ్గి, గొంతు సన్నమై, బండి బాణంలా పోతుంది. అది "సూఖా". ఇంకాస్త బిగిస్తే ఇంకా జోరు. ఇంకాస్త బిగిస్తే లోపల పిస్టన్ కాలి గోడలకు పట్టేసుకుంటుంది. అంతే, ఇంజను రాయి. దానికి ఇంకో పిస్టన్ దేవరకొండలో లేదు, హైదరాబాదులో లేదు. దుబాయికి మళ్లీ పోయే ఉద్దేశం ఖాజా మామకు లేదు. కాబట్టి జోరుకూ చావుకూ మధ్య ఎక్కడున్నామో తెలియాలంటే ఇంజను వేడి కొలవాలి. కొలిచే యంత్రం మాకు లేదు. ఆయన తుప్పుమని ఇంజను నెత్తిన ఉమ్మేవాడు.

"ఛీ, ఏం పని మామా అది?" అని ఒకరోజు గోడ మీద నుంచి అడిగాను.

"మీటరు బిడ్డా. మాకు గిదే మీటరు."

నేను గోడ దిగి, చెంబులో వేళ్లు ముంచి చల్లాను. చుక్క నెత్తిన పడి, చుయ్‌మని, గంతేసి పోయింది. "రొట్టె ఎయ్యొచ్చు" అన్నాను. ఖాజా మామ నా వంక చూసి, సూదిమర దగ్గర నుంచి చెయ్యి తీసేశాడు.

అప్పటి నుంచి చుక్క నాది, రిమోటు మీది చక్రం ఆయనది. ఎంతసేపు నిలిచిందో కొలవడానికి మా దగ్గర ఆ పాటి గడియారం లేదు. కానీ ఎదురుగా బస్టాండు ఉంది. తెల్లారిన దగ్గర్నుంచి కండక్టర్ యాదగిరి గొంతు మా ఇంట్లో దూరేది, "దేవరకొండ, మల్లేపల్లి, చింతపల్లి, మాల్, యాచారం, ఇబ్రహీంపట్నం, హైద్రాబాద్!" ఒకే ఊపిరి, ఒకే పరుగు, ఎప్పుడూ అదే తీరు. నిద్రలో కూడా మాకు ఆ నడక తప్పేది కాదు. చుక్క వేసి అదే వేగంతో అనుకునేదాన్ని. చుక్క మాల్ దగ్గర పోతే ఇంజను మంచి వేడి మీద ఉన్నట్టు. యాచారం దాటితే చల్లగా ఉంది, సూది బిగించొచ్చు. చింతపల్లిలోనే దిగిపోతే వదులు చెయ్యాలి. ఎవరి థర్మామీటరు మీదైనా డిగ్రీలుంటాయి, మా దాని మీద ఊర్లుండేవి.

మా అమ్మకు ఇదేమీ నచ్చలేదు. ఇంటర్ చదివే ఆడపిల్ల, కళ్లం మీద గొంతుకూర్చుని, పొగలో మొహం పెట్టి, మగవాళ్ల ముందు ఊర్ల పేర్లు చదవడం ఏమిటని. "గా పొగకు నల్లగైతవే పోరీ" అనేది.

"ఎర్రగుంటే చెల్క, నల్లగుంటే రేగడి. భూమి భూమే గదమ్మా" అన్నాను.

"గీ తెలివి పరీక్షల రాయి" అంది అమ్మ. ఆ ఏడాది నా మార్కులే నా జవాబు, అవి బాగాలేవు.

హాలియా నుంచి మధు వచ్చింది ఆముదం చెక్క కోసం. కాలువ కింద వరి పొలాలకు చెక్క ఎరువు తీసుకుపోవడానికి వాళ్ల నాన్న లారీతో మా మిల్లుకు వచ్చేవాడు. వాళ్లకు రైస్ మిల్లు ఉంది. మధు హైదరాబాదులో ఇంజనీరింగు చదువుతూ సెలవులకు వచ్చి, లారీ దిగి, కళ్లం మీద తిరుగుతున్న మా బండిని చూసి నోరు తెరిచాడు. అతని దగ్గరా ఒకటుందట, కొత్తది. మంచివాడే. ఆ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే ఈ కథ విన్నవాళ్లందరూ అతన్ని దుర్మార్గుణ్ణి చేద్దామని చూస్తారు. నన్ను "మీరు" అన్న మొదటి మనిషి అతనే. కాకపోతే నేను చుక్క వేసి ఊర్లు చదవడం చూసి నవ్వాపుకోలేకపోయాడు.

"మీరు బస్సు పిలుస్తున్నరా, టెంపరేచర్ చూస్తున్నరా?"

"రెండూ. నీకు టికెట్ కావాల్నా?"

అతని బండికి మీటరుంది. సన్నని తీగ ఇంజను మెడకు బిగించి, ఆ కొసన గడియారం లాంటి డబ్బాలో అంకె కనబడేది. దాన్ని చూపిస్తూ, చుక్క అనేది గాలిని బట్టి, చెయ్యిని బట్టి మారుతుందని, దాన్ని కొలత అనరని మర్యాదగా చెప్పాడు. నిజమే కావచ్చు. వాళ్లది కాలువ నీళ్లు పారే ఊరు, ఒక చుక్కను ఎవరు లెక్కపెడతారు. మా ఊళ్లో మాత్రం చుక్కంటే చుక్కే.

మాటకు మాట పెరిగి పందెం దాకా పోయింది. వచ్చే ఆదివారం, మా కళ్లం మీద, చెరి రెండు ట్యాంకుల నూనె, మధ్యలో ఒకసారి ఆగి నింపుకోవాలి, ఇంజను మాత్రం ఆగిపోతే ఆట అక్కడితో సరి. ఎవరి బండి ఎక్కువ చుట్లు తిరిగితే వాళ్లది గెలుపు. ఎదుటివాడు ఆగినా నీ చుట్లు నీవే. కండక్టర్ యాదగిరి చుట్టుకొక పాత టికెట్ చొప్పున పంచ్ చేసి లెక్క పెడతానన్నాడు. ఖాజా మామ ఆ వారం సరిగా తినలేదు. ఊరంతా వస్తుంది. ఈ ఒక్క పందెంతో బొమ్మల ఖాజా అనే పేరు పోతుందని ఆయన గట్టిగా నమ్మాడు. "గెలిస్తే జాలు బిడ్డా, మల్ల జన్మల ఎవ్వనితోటి పందెం కట్ట" అన్నాడు నాతో, సూదిమరను బొటనవేలితో తడుముతూ.

ఆదివారం కళ్లం చుట్టూ జనం గోడలెక్కారు. హోటల్ వాళ్లు చాయ్ కెటిల్ మోసుకొచ్చారు. బాపు ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆ పందెం తన నూనెకే అన్నట్టు నిలబడ్డాడు. రెండు బండ్లూ ఒకేసారి కదిలాయి. ఆ పొగ, ఆ చప్పుడు, చెవుల్లో కందిరీగల తుట్టె లేచినట్టు. మొదటి ట్యాంకు అయిపోవచ్చేసరికి మా బండి ముందుంది. ఎంతో కాదు, కానీ ముందుంది. జనంలో ఒకడు "శెభాష్ ఖాజా భాయ్!" అన్నాడు. బొమ్మల అనలేదు. ఖాజా మామ విన్నాడు, ఆయన చెవులు ఎర్రబడడం నేను చూశాను.

నూనె నింపుకోవడానికి రెండు బండ్లూ ఆగాయి. మధు తన అంకె చూసుకుని తలాడించాడు. ఖాజా మామ ట్యాంకు మూత తీస్తుంటే నేను చెంబులో వేళ్లు ముంచి చుక్క వేశాను.

దేవరకొండ, మల్లే...

లేదు.

మళ్లీ వేశాను. దేవరకొండ. లేదు. మల్లేపల్లి పొలిమేర కూడా చేరలేదు.

"మామా, బంద్ చెయ్" అన్నాను.

"ఏంది?"

"కాలిపోతాంది. బంద్ చెయ్."

"జర సూది వదులు జేస్త, సరిపోతది..."

"సరిపోదు మామా. ముందు చల్లారాలె. ఇప్పుడు తోలితే పట్టేస్తది."

ఇంజను ఆపితే పందెం పోయినట్టే. అది ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. గోడల మీద నుంచి అరుపులు మొదలయ్యాయి. "ఏందే పోరీ, గెలిచే ఆట!" "ఆడిపిల్ల మాటినుడేంది ఖాజా భాయ్, తోలు!" బాపు కూడా "ఒక్క ట్యాంకే గద బిడ్డా" అన్నాడు. మధు తన బండి దగ్గర నుంచి లేచి, "నా మీటర్ విప్పి ఇయ్యమంటారా? చూస్కోండి" అన్నాడు. విప్పాలంటే అతని బండీ ఆగాలి. జనం ఒప్పుకోలేదు. "ఆటంటే ఆట" అని హోటల్ వాడు తీర్పు చెప్పాడు.

ఖాజా మామ మోకాళ్ల మీద కూర్చుని నా మొహంలోకి చూశాడు. చుక్క వైపు చూడలేదు, ఇంజను వైపు చూడలేదు. నేను తల అడ్డంగా ఊపాను. ఆయన వేలితో పొగగొట్టం కొస మూశాడు. ఇంజను ఒకసారి దగ్గి ఆగిపోయింది.

కళ్లం మీద మధు బండి ఒక్కటే తిరుగుతోంది. యాదగిరి దానికి పంచ్ కొడుతూనే ఉన్నాడు, టక్, టక్, టక్. కాసేపటికి మా లెక్కను అందుకుంది, దాటింది. జనం గోడలు దిగి ఇళ్లకు పోయారు. పోతూ యాదగిరి, "ఏమ్మా స్వరూపా, మల్లేపల్లి దాకన్న రాకముందే బస్సు ఆపేస్తివి" అన్నాడు. మనసులో పెట్టుకుని కాదు, కానీ ఆ మాట తర్వాత చాలా ఏళ్లు ఊళ్లో తిరిగింది.

పొద్దుగూకాక అన్నాలకు కూర్చున్నాం. అవ్వ రొట్టెలు వడ్డిస్తూ, మా మొహాలు చూసి, "గంతగనం ఎట్ల వేడైంది? పొద్దుగాలనే నెత్తికి జర ఆముదం పెడ్తిని గద" అంది.

బాపు చెయ్యి కంచంలో ఆగింది. "ఎవల నెత్తికే?"

"బండి నెత్తికిరా. ఎండల ఉర్కుతది పాపమని, అరచేతిల పోసి రేకుల నడుమ మంచిగ ఇంకేదాక కొట్టిన."

నా చిన్న తమ్ముడు ముందు అర్థం చేసుకున్నాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఇగ జూడు! చుక్క కాలలే, జారింది! నూనె మీద నీళ్లు ఆగుతయా? అక్క జారిన చుక్కను చూసి ఆట ఆపింది!"

పొద్దున కళ్లం అంతా ఆముదం పొగే కాబట్టి, ఇంజను నెత్తిన ఉన్న ఆముదం ఎవరి ముక్కుకూ దొరకలేదు. తెల్లారేసరికి ఈ సంగతి బస్టాండు దాటింది. మల్లేపల్లి, చింతపల్లి, మాల్ కూడా దాటే ఉంటుంది.

నేను ఒకటే మాట అన్నాను, ఇంట్లో, వాకిట్లో, కాలేజీలో. జారలేదు. కాలింది. జారే చుక్కకు చప్పుడుండదు. నేను చుయ్ విన్నాను. అంత గోలలో ఎట్లా విన్నావంటే, ప్రతి పొద్దున వినేదాన్ని, ఎట్లా వినకుండా ఉంటాను?

బాపు మంచి మనిషి, న్యాయం తెలిసినవాడు. ఖాజా మామను పిలిచి కళ్లం మీద కూర్చోబెట్టి అవ్వ చేసిన పని చెప్పాడు. "ఖాజా, గీ లొల్లి ఎందుకు? నాలుగు మరలు తీసి లోపట చూడు. కాలినట్టుంటే పిల్ల చెప్పింది సరి. లేకుంటే లేదు. ఊరోళ్ల నోళ్లు మూతపడ్తయి."

ఖాజా మామ చాలాసేపు ఇంజనును చేతుల్లో తిప్పాడు. అవ్వ తలుపు చాటున నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. పందెం ఓడినందుకు కాదు, బండికి జబ్బు చేయించానేమోనని.

"నువ్వేమంటవ్ బిడ్డా?" అన్నాడు ఆయన.

"కాలింది మామా."

"అయితే కాలింది."

"అరె, తెరిచి చూస్తే పోయేదేముంది?" అన్నాడు బాపు.

"తెరిచి చూసినంక నమ్ముడేందన్నా? అది చూసుడైతది." ఆయన నా వైపు తిరిగాడు. "నీ గోళ్ల రంగు ఉన్నది గదా, తే."

ఎర్రటి గోళ్ల రంగు సీసా. కాలేజీకి పెట్టుకుపోతే అమ్మ గీకించేది. తెచ్చి ఇచ్చాను. ఖాజా మామ ఆ చిన్న కుంచెతో ఒక్కో మర తల మీద ఒక్కో చుక్క పెట్టాడు, మర అంచూ రేకూ కలిసేటట్టు. మర తిప్పితే రంగు పగులుతుంది. పగిలితే తెలుస్తుంది. ఆరేదాకా ఊదాడు. "ఇగ ఎవడన్న అడిగితే గిది చూపిస్త" అని లేచి, అవ్వ దగ్గరికి పోయి, "అవ్వా, నా నెత్తికి కూడ జర పెట్టు. నాకు మస్తు వేడైంది" అన్నాడు. అవ్వ ఏడుస్తూనే గోడకు ఆనించి కూర్చోబెట్టి అరచేతి గుంటెడు పోసింది.

బొమ్మల ఖాజా అనే పేరు పోలేదు. ఆయన తర్వాత బస్టాండు పక్కనే మోపెడ్లు, నీళ్ల మోటార్లు బాగుచేసే దుకాణం పెట్టాడు. ఆ పేరుతోనే అది నడిచింది. దర్గా ఉర్సుకు, బడి వార్షికోత్సవాలకు బండి తిప్పేవాడు. పిల్లలు గోళ్ల రంగు బండి అనేవాళ్లు. నేను డిగ్రీ చదివి, ఉద్యోగం వచ్చి, పెళ్లై ఊరు విడిచాను. పండుగకో పబ్బానికో వెళితే దుకాణం ముందు ఎవరిదో మోటారు ఆపి, "స్వరూపా, జర చుక్కెయ్" అనేవాడు, పక్కనున్న వాళ్లు నవ్వుతారని తెలిసి కూడా. వేసేదాన్ని. ఊర్లు చదివేదాన్ని. నేను చెప్పిందే ఆయన చేసేవాడు.

ఇప్పుడు వరుణ్ దగ్గర వేడి కొలిచే తుపాకి లాంటిదుంది. దూరం నుంచి గురి పెట్టి మీట నొక్కితే ఎర్రటి చుక్క పడుతుంది, అంకె వస్తుంది. నూనె ఉన్నా నీళ్లున్నా దానికి పట్టింపు లేదు. అది తప్పని నేననను. మంచిదే. మా కాలంలో అది ఉంటే ఆ ఆదివారం ఎవ్వరికీ ఏ అనుమానం ఉండేది కాదు. కానీ అనుమానం లేని చోట ఖాజా మామ నా మొహంలోకి చూడాల్సిన పని ఉండేదా? ఆ అంకెను చూసేవాడు. ఊరంతా ఒక వైపు అరుస్తుంటే, గెలుపు చేతికందిన మనిషి, నీళ్ల చెంబు పట్టుకున్న ఒక ఆడపిల్ల తల ఊపినందుకు తన ఇంజను ఆపేశాడు. నా జీవితంలో ఆ తర్వాత చాలామంది నా మాట విన్నారు. జీతం తీసుకునో, మొహమాటానికో, వేరే దారి లేకో. అట్లా విన్నవాళ్లు లేరు.

చుక్క నిజంగానే జారిందేమోనని నేను ఇన్నేళ్లూ లోలోపల నలిగిపోతున్నానని ఇక్కడ రాస్తే చదివేవాళ్లకు బాగుంటుంది. వయసు వచ్చినవాళ్లు అట్లాంటివి ఒప్పుకుంటే పెద్దరికంగా ఉంటుంది. నేను రాయను. అది జారలేదు. కాలింది. నా తల నెరిసింది కానీ, నా మాట నెరవలేదు.

మొన్న మళ్లీ వచ్చాడు వరుణ్, నూనె సీసాతో. ఈసారి స్క్రూడ్రైవర్ తేలేదు. డాబా మీద పెట్టి, తాడు లాగితే, రెండు మూడు సార్లు దగ్గి అందుకుంది. అదే గొంతు. కింద వాటాల వాళ్లు కిటికీలు మూసుకోవడం వినబడింది. ట్యాంకు సగమయ్యాక వాడు బండిని నా కాళ్ల దగ్గర ఆపి తుపాకి తీసి గురి పెట్టాడు. నేను గ్లాసులో వేళ్లు ముంచాను. నాలుగు ఎర్ర చుక్కలూ ఎక్కడివక్కడే ఉన్నాయి, ఒక్కదానికీ బీటలేదు.

చుక్క పడింది. దేవరకొండ, మల్లేపల్లి, చింతపల్లి, మాల్... చుయ్.

వరుణ్ తుపాకి వెనక చూశాడు. అంకె వచ్చి ఉంటుంది. తలెత్తి, నా వంక చూసి, నోరు తెరిచాడు.

"చెప్పకు" అన్నాను.